విశ్రాంతి పందిరి మోసినవాళ్ళు

ఒక పెద్ద అడవిలో, పచ్చగా ఉన్నందుకు పచ్చడవి అని తన పేరు తానే పెట్టుకున్న అడవిలో, ఏడడవుల ఆటల పోటీ జరగబోతోందని కబురు వచ్చింది. పన్నెండేళ్ళకొకసారి జరిగే పోటీ అది. పరుగు, ఈత, గెంతు, కుస్తీ అన్నీ ఉంటాయి. గెలిచినవాళ్ళ పేర్లు వారం తిరిగేసరికి అందరూ మరిచిపోతారు గాని, ఏ అడవిలో జరిగిందన్నది మాత్రం పన్నెండేళ్ళూ చెప్పుకుంటారు. అందుకని పెద్దలకు దానిమీద అంత ఆశ. పచ్చడవి రాజు సింహం ఈ పోటీ కోసం తోడేళ్ళ అడవికి వెళ్ళి తోక ఊపి వచ్చాడని ఒక మాట ఉంది. చూసినవాళ్ళు ఇప్పుడు బతికి లేరు కనుక ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

పని మాత్రం చాలా ఉంది. సరిహద్దు వాగు దాకా పోయి, మలుపు తిరిగి వచ్చే పరుగుబాట చదును చెయ్యాలి. ఈతకు చెరువు తవ్వాలి. ఏడడవుల పెద్దలు కూర్చుని చూడటానికి కొండవాలున ఎత్తైన మంచె కట్టాలి.

మరి మట్టి ఎవరు మొయ్యాలి? గిట్టలు గరుకెక్కుతాయన్నాయి జింకలు. కోతులు అప్పటికే పదకొండు కమిటీల్లో ఉన్నాయి, పన్నెండోది వేస్తే దాన్లో కూడా ఉంటామన్నాయి. నెమళ్ళు స్వాగత నృత్యం నేర్చుకుంటున్నాయి. ఎలుగుబంటి తన బావమరుదులు ఇద్దరున్నారన్నాడు గాని, వాళ్ళు మంచెకు రంగు వేసే పనైతేనే వస్తారట. అడవి అడవంతా పోటీ మాదే అని గర్వపడుతోంది. గర్వపడేవాళ్ళు మట్టి మోసినట్టు ఎక్కడా లేదు.

పనంతా గుత్తకు పట్టినవాడు వరాహాల్రాజు అనే అడవి పంది. నేల తవ్వడం తమ వంశవిద్య అని చెప్పుకుంటాడు గాని, ఆయన ముట్టెకు మట్టి అంటి పదేళ్ళయింది. ఆయనకో మేస్త్రి, కొండముచ్చు. చేతిలో ఈతబరిక. ముఖం పుట్టుకతోనే నలుపు కనుక కోపం ఎప్పుడొచ్చిందో తెలియదు. వచ్చిందనే అనుకుని పని చెయ్యాలి.

వాగుకు అవతల ఎండడవి. ఏడడవుల్లో అదీ ఒకటే, కాకపోతే మూడేళ్ళుగా దానికి వాన లేదు. వరాహాల్రాజు అక్కడికి మేస్త్రిని పంపాడు. మేస్త్రి వెళ్ళి, పచ్చగడ్డి అని ఒకే ఒక మాట అన్నాడు. నలభై గాడిదలు, పాతిక దున్నలు, లెక్కలేనన్ని పందికొక్కులు వెంట నడిచి వచ్చాయి. వాళ్ళలో ఈదమ్మ అనే గాడిద ఒకతె.

ఈదమ్మకు ఆరు నెలల పిల్ల. చెల్లెలి దగ్గర వదిలి వచ్చింది. తొలకరి పడితే వాగు పొంగుతుంది. పొంగితే నాలుగు నెలల దాకా ఎవరూ దాటలేరు. గాడిద పిల్లల సంగతి తెలిసిందే, ఆ వయసులో అంతకాలం తల్లి వాసన తగలకపోతే పిల్ల ఇక తల్లిని గుర్తుపట్టదు, పెంచినదాని వెంటే పోతుంది. అందుకని తొలకరి లోపల తిరిగిపోవాలి. వచ్చిన రోజే ఆ మాట చెప్పింది. మేస్త్రి సరేనన్నాడు. మేస్త్రులు వచ్చిన రోజున దేనికైనా సరేనంటారు.

ఇక్కడ ఏడడవుల ఆచారం ఒకటి చెప్పాలి. పిల్ల పుట్టగానే తల్లి వాగులోంచి చిన్న రాయి ఏరి, పిల్ల ఒంటికి రుద్ది, నారతో మెడలో కడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రాయికి ఆ ప్రాణి వాసన పట్టేస్తుంది. దాన్ని వాసన రాయి అంటారు. సరిహద్దు కాపలా కుక్క రాయి మూచూసి, మెడ మూచూసి, రెండూ ఒకటైతేనే దాటనిస్తుంది. రాయి లేనివాడు ఉన్న అడవిలోనే ఉండిపోవాలి.

వచ్చిన రెండో రోజే వరాహాల్రాజు అందరి రాళ్ళూ విప్పించి ఒక ఇప్పచెట్టు తొర్రలో వేయించాడు. "మట్టిపని కదా, జారిపోతాయి. నా దగ్గరైతే భద్రం" అన్నాడు. తొర్ర ముందు మేస్త్రి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

వైశాఖం సగమైంది. ఈదమ్మ వెళ్ళి నిలబడింది.

"రాజుగారూ, తొలకరి దాకనే అంటిరి. నా రాయి నాకియ్యి, పోత."

"పోదువు గానిలేవే. నేనేమైనా కట్టేశానా? కాళ్ళకు తాడుందేమో చూసుకో."

ఈదమ్మ కాళ్ళు చూసుకుంది. తాడు లేదు. "తాడు లేదు. రాయి గూడ లేదు గద."

"అదే చెప్తున్నా. నీ దగ్గరుంటే పారేసుకుంటావనే కదా నేను దాచింది! మీ ఎండడవి వాళ్ళతో ఇదే గొడవ, మంచి చేస్తే అర్థం కాదు. చెరువు కానియ్, చూద్దాం."

చెరువు అయింది. మంచె కానియ్ అన్నాడు. 

ఈ పరిస్థితుల్లో న్యాయం వచ్చింది. ఎక్కడినుంచో కాదు, పైనుంచే వచ్చింది. కిందటి పోటీ తోడేళ్ళ అడవిలో జరిగినప్పుడు ఎండదెబ్బకు ఎనిమిది ఎడ్లు పోయాయట. వలసపిట్టలు ఆ సంగతి పాట కట్టి ఊరూరా పాడాయి. పోటీ పేరు చెడిందని ఏడడవుల సంఘం బాధపడింది. ఎడ్లు పోయినందుకు కూడా కొంత బాధపడి ఉండవచ్చు. దాంతో న్యాయశ్రమ సూత్రాలని ఐదు రాసి పంపారు. మిట్టమధ్యాహ్నం పని చేయించరాదు, నీడలో పడుకోబెట్టాలి. దాహానికి నీళ్ళివ్వాలి. శక్తికి మించిన బరువు మోయించరాదు. ఎవరి రాయి వారి మెడలోనే ఉండాలి. వెళతానన్నవాణ్ణి ఆపరాదు. వీటిని పాటించని అడవి నుంచి పోటీ తీసేసి పక్క అడవికి ఇస్తారు.

సింహం వెంటనే న్యాయశ్రమ అధికారిగా జంబుకేశాన్ని వేశాడు. జంబుకేశం నక్క. పూర్వం ఇతను కోళ్ళ సంక్షేమం చూసేవాడు. ఆ శాఖ కోళ్ళు లేక మూతపడింది.

జంబుకేశం గుత్తేదార్లందరినీ పిలిచి సభ పెట్టాడు. పందిరి వేసింది ఎండడవి వాళ్ళే, నీళ్ళు మోసింది వాళ్ళే, తాటాకులతో విసిరింది వాళ్ళే. మిట్టమధ్యాహ్నం పని చేయించరాదన్న సూత్రం చదివేటప్పటికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఈదమ్మ విసురుతూనే వింది. బాగుందనిపించింది. విసరడం ఆపింది. మేస్త్రి బరికతో మళ్ళీ మొదలెట్టించాడు.

"ఈ సూత్రాలు మన ప్రాణం. వీటిని అందరికీ కనిపించేలా బండ మీద చెక్కించి కొండ మీద నిలబెట్టాలి" అన్నాడు జంబుకేశం.

చెక్కించారు. పదహారు గాడిదలు కట్టి లాగితే కదలని బండ అది. ముందు తాడు ఈదమ్మ మెడకు పడింది. శక్తికి మించిన బరువు మోయించరాదన్న అక్షరాలు సరిగ్గా ఆమె వెనకాలే వచ్చాయి. పక్క తాడు లాగుతున్న నర్సప్ప అనే ముసలి దున్న రొప్పుతూ అన్నాడు, "చెల్లె, మనకు న్యాయమంటే గింత బరువుంటదని తెల్వదు సుమా."

"బరువైతే అయ్యింది, పని జేస్తదా అన్నా?"

"మస్తు జేస్తది. చూస్తలేవా, మనతోనే జేపిస్తున్నది."

తనిఖీకి ధవళాంబ గారు వస్తున్నారని తెలిసింది. ధవళాంబ గారు కొంగ. తెల్లని మనిషి, ఒంటికాలి మీద నిలబడి ఆలోచిస్తారు, కనుక గొప్పగా ఆలోచిస్తారని పేరు. చెరువుకు గట్టు పని ఇంకా మిగిలింది కనుక పనులు మూడుచోట్ల జరుగుతున్నాయి, మూడుచోట్లా నీడ ఉండాలి. వరాహాల్రాజు లబోదిబోమన్నాడు. "మూడు పందిళ్ళా? జంబుకేశం గారూ, అంత ఆకు ఎక్కడిదండీ, నన్ను నిలువునా ముంచేస్తారా?"

"ఒకటే పందిరి వెయ్యండి. తేలిగ్గా ఉండాలి. ఆవిడ బాట దగ్గర చూసి, రెక్కలు విదిల్చి, ఎగిరి, గాలిలో ఒక చుట్టు తిరిగి చెరువు దగ్గర దిగేలోపు పందిరి అక్కడుండాలి."

"ఎవరు మోస్తారు?"

"మధ్యాహ్నం ఎవరు ఖాళీగా ఉంటారు? విశ్రాంతి వేళ కదా" అన్నాడు జంబుకేశం.

అలా విశ్రాంతి పందిరి తయారైంది. దాని నాలుగు కాళ్ళకింద నలుగురు, నడుమ ఎనిమిది మంది. అంతవరకూ మధ్యాహ్నం పూట అరగంటైనా చింతచెట్టు కింద కూలబడేవాళ్ళు. సూత్రాలు వచ్చాక అదీ పోయింది. బాట నుంచి చెరువుకు, చెరువు నుంచి మంచెకు పందిరి నెత్తిన పెట్టుకుని పరుగు.

పరుగు ఒక్కటే కాదు, పడుకోవడం కూడా నేర్చుకోవాలి. కొంగమ్మ చెట్ల పైన కనబడగానే మేస్త్రి తప్పెట కొడతాడు. తప్పెట వినగానే పడుకోవాలి.

"నెత్తిన ఏముందో చూడొద్దు. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యాలి. బుట్ట దింపి వస్తా, పార పెట్టి వస్తా అన్నవాడి వీపు చీరేస్తా" అన్నాడు మేస్త్రి.

రోజుకు పదిసార్లు అభ్యాసం. మేస్త్రి వరసల మధ్య తిరుగుతూ విశ్రాంతి సరిచూసేవాడు.

"ఏయ్ ఈదమ్మా! ఆ ఎడమ చెవేంటి, నిక్కబొడుచుకుంది? హాయిగా ఉన్న చెవి అలా ఉంటుందా? వాల్చు!"

బరిక ఛెళ్ళుమంది.

"కొడుతుంటే ఎట్ల వాలుతది మేస్త్రీ?"

"కొట్టకపోతే నువ్వెక్కడ వాలుస్తావ్?"

నర్సప్పకు మాత్రం ఈ విద్య ఒక్కరోజులో వచ్చేసింది. కళ్ళు అరమూసి నెమరు వేస్తుంటే ఏడు తరాలుగా ఏ పనీ ఎరగని జమీందారులా ఉన్నాడు. మేస్త్రి అతన్ని ముందు వరసలో పెట్టాడు.

ఇక రాళ్ళు. అసలువి ఇస్తే ఎగిరిపోతారని వరాహాల్రాజు వాగులోంచి ఒక తట్టెడు గులకరాళ్ళు తెప్పించి తలా ఒకటి మెడలో కట్టించాడు. ఈదమ్మ తన మెడలోది మూచూసింది. బురద వాసన, పంది వాసన.

"కొంగమ్మ మూచూస్తే దొరికిపోరా వీళ్ళు?" అంది నర్సప్పతో, ఆశగా.

"కొంగకు ముక్కంటే చేపలు పట్టేదే చెల్లె. వాసన దానికేం తెలుస్తది?"

వాసన రాళ్ళు చూడటానికి వాసన తెలియని పక్షిని ఎందుకు పంపారని అడగవచ్చు. సంఘంలో కుక్కలు లేక కాదు. ఉన్నాయి, కాని అవి ఆటల విభాగంలో ఉన్నాయి. ఒక అడవివాడు ఇంకో అడవి పేరు చెప్పి పరిగెత్తితే అది మహాపరాధం. అందుకని పరుగుగీత దగ్గర ఐదు వేటకుక్కలు నిలబడి ప్రతి ఆటగాడి రాయీ మూచూస్తాయి. మట్టి మోసేవాడు ఏ అడవివాడైతే ఎవరికి కావాలి? వాడికి కొంగ చాలు.

ధవళాంబ గారు వచ్చారు. బాట దగ్గర పందిరి చూశారు, చెరువు దగ్గర పందిరి చూశారు, మంచె దగ్గరా పందిరి చూశారు. "అన్నిచోట్లా ఒకే నమూనా! ఎంత క్రమబద్ధంగా చేశారండీ" అని మెచ్చుకున్నారు. పందిరి కింద రొప్పుతున్నవాళ్ళను చూసి, "గాఢనిద్రలో ఊపిరి ఇలాగే ఉంటుంది" అని రాసుకున్నారు. తర్వాత ఎవరితోనైనా స్వయంగా మాట్లాడతానన్నారు. ఆవిడ సరస్సుల సీమ మనిషి, ఎండడవి మాట రాదు. జంబుకేశం మాట అందిస్తానన్నాడు.

కొంగ ముక్కు ఈదమ్మ ముందు ఆగింది. మేస్త్రి వెనకే ఉన్నాడు. ఉంటే ఉండనీ అనుకుంది.

"అమ్మా, ఇది నా రాయి గాదు. నా రాయి తొర్రల ఉంది. ఇప్పియ్యమ్మా. వాగు రాకముందే పోవాలె. లేకుంటే నా పిల్ల నన్ను మరుస్తది."

"ఏమంటోంది పాపం?"

"తన రాయి తన మెడలోనే ఉందంటోందండి" అన్నాడు జంబుకేశం. "వాగు వచ్చినా కదలదట. ఇక్కడి ఆదరణలో పిల్లనే మరిచిపోయిందట."

ధవళాంబ గారి కళ్ళు చెమర్చాయి. ఈదమ్మ కాదు కాదని తల అడ్డంగా ఊపింది.

"అలా ఊపుతోందేం?"

"ఆనందం పట్టలేకపోతే వాళ్ళు అలాగే ఊపుతారండి."

పచ్చడవికి 'ఆదర్శ శ్రమ అడవి' అని పట్టా ఇచ్చేశారు. వెళుతూ వెళుతూ ఆవిడ, "ప్రారంభం రోజున మా వాళ్ళందరికీ ఈ దృశ్యం చూపించాలి" అన్నారు. జంబుకేశం తప్పకుండా అన్నాడు. వెళ్ళేవాళ్ళతో తప్పకుండా అనడం అధికారులకు అలవాటు.

ఆ సాయంత్రం బరిక విరిగింది. ఈదమ్మ వీపు మీద.

పోటీ దగ్గరపడింది. అప్పుడు తేలింది అసలు సంగతి. పడుకోవడం అభ్యాసం చేయించడంలో పడి మంచె పని వెనకబడిపోయింది. ముప్పై గుంజలు పాతాల్సిన చోట పన్నెండు పాతారు. పైన దుంగలు పరిచారు, రంగు వేశారు, ఎలుగుబంటి బావమరుదులు చాలా బాగా వేశారు. కింద ముందు భాగానికి ఆసరా లేదు.

"ఇప్పుడెలాగండీ?" అన్నాడు వరాహాల్రాజు.

"గుంజలు లేకపోతే వీపులున్నాయి కదా. ఒక్క పూటకే. చుట్టూ పూలదండలు దించేస్తే లోపల ఏముందో ఎవరికి కనిపిస్తుంది?" అన్నాడు జంబుకేశం.

ప్రారంభం రోజున తెల్లవారగానే దున్నలనూ గాడిదలనూ మంచె కిందకు తోలారు. దున్నల వీపుల మీద దుంగలు, గాడిదల వీపుల మీద అడ్డకర్రలు. కాళ్ళ సందుల్లో పందికొక్కులు. పైన ఏడడవుల పెద్దలు ఒక్కొక్కరే ఎక్కి కూర్చుంటుంటే, కింద ఒక్కొక్కరి బరువూ వెన్నుకు తెలుస్తోంది. ఎలుగుబంటి ఎక్కినప్పుడు నర్సప్ప మోకాళ్ళు కిర్రుమన్నాయి.

పడమటి నుంచి గాలి తిరిగింది. పూలదండల సందులోంచి ఈదమ్మ ముక్కుకు తడిమట్టి వాసన తగిలింది. ఎక్కడో వాన పడుతోంది. ఎగువన పడితే వాగు రేపటికి పొంగుతుంది. ఇవాళ దాటినవాళ్ళు దాటినట్టు.

పైన జంబుకేశం ఉపన్యాసం. "సోదరులారా! ఈ మంచె దేని మీద నిలబడి ఉందో తెలుసా? శ్రమజీవుల మీద!" చప్పట్లు.

"ఇయ్యాల్నే నిజం జెప్తుండు" అన్నాడు కింద నర్సప్ప.

అప్పుడు ధవళాంబ గారు లేచారు. "పనివాళ్ళేరీ? మా వాళ్ళకు చూపిస్తానన్నాను."

"విశ్రాంతిలో ఉన్నారండీ" అన్నాడు జంబుకేశం.

"ఆ విశ్రాంతే చూపించాలి. తప్పెట మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ హాయిగా వాలిపోతారు, ఎంత ముచ్చటగా ఉంటుందో! ఏదీ ఆ తప్పెట?"

తప్పెట మంచె కొమ్ముకే వేలాడుతోంది. జంబుకేశం ముందుకు దూకాడు గాని, కొంగ ముక్కు అతని కంటే పొడవు. డన్ డన్ డన్.

కింద అడ్డకర్రకు వేలాడుతున్న మేస్త్రి పళ్ళు కొరికాడు. "కదిలారో చంపేస్తా!"

"తప్పెట మోగె గద మేస్త్రీ" అంది ఈదమ్మ.

"మోగలేదనుకో!"

"నిన్న మోగితే మోగిందంటివి."

"నోర్ముయ్! నెత్తిన దొరలున్నారు!"

"నెత్తిన ఏముందో చూడొద్దని నువ్వే అంటివి" అంది ఈదమ్మ. వీపు మీది దెబ్బలు ఒక్కసారి గుర్తొచ్చాయి, పక్షం రోజుల దెబ్బలు, పడుకోవడం నేర్చుకోవడానికి తిన్నవి. అంత కష్టపడి నేర్చుకున్నది ఎందుకు వృథా చెయ్యాలి? ముందుకాళ్ళు మడిచింది. వెనకకాళ్ళు మడిచింది. పడుకుని, ఎడమ చెవి వాల్చింది. ఆ చెవి నిజంగా హాయిగా వాలడం అదే మొదలు.

నర్సప్ప ఆమెను చూసి కళ్ళు అరమూశాడు. ఆ తర్వాత వరసలన్నీ కూర్చున్నాయి.

మంచె ముందుకు వంగింది, ఒక్క క్షణం ఆలోచించింది, వాలు వెంట జారిపోయింది. దుంగలతో పాటు పెద్దలూ జారారు. మంచె జారిపోగా వెనక మిగిలిన పనివాళ్ళకు గీత కూడా పడలేదు. సింహం దొర్లుతూ వెళ్ళి కొత్త చెరువులో పడ్డాడు. ఎలుగుబంటి ఆయన మీద పడ్డాడు. ఈత పోటీ అనుకున్నదానికంటే ముందే మొదలైంది.

పోటీల పెద్ద ఏనుగు మాత్రం మంచె ఎక్కలేదు. ఆయన శరీరానికి తగిన మంచె ఇంకా ఎవరూ కట్టలేదు. కిందే నిలబడి చూశాడు. వరసలు వరసలుగా పడుకుని, కళ్ళు అరమూసి, హాయిగా ఉన్న దున్నలూ గాడిదలూ.

"ఎవరు వీళ్ళు? మంచె కింద ఏం చేస్తున్నారు?"

వరాహాల్రాజు, "నేనెప్పుడూ చూడలేదండి" అన్నాడు. జంబుకేశం బురద కారుతూ గట్టెక్కాడు. కూలీలంటే పోటీ పోతుంది, పట్టా పోతుంది, తన ఉద్యోగం పోతుంది. అతనికి ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా అక్కర్లేకపోయింది.

"క్రీడాకారులండి! ఎండడవి క్రీడాకారులు. నడుము గట్టిపడాలని మంచె ఎత్తి సాధన చేస్తున్నారు."

ఏనుగు తన జాబితా చూశాడు. "ఎండడవి నుంచి ఎవరూ రాలేదని ఉంది ఇక్కడ. రాలేదేమా అని బాధపడుతున్నాను. చాలా సంతోషం. పరుగు ఇప్పుడే మొదలెడదాం, మంచె ఎలాగూ లేదు. గీత దగ్గరికి రమ్మనండి."

ఈదమ్మ గీత దగ్గర నిలబడింది. వేటకుక్క వచ్చి ఆమె మెడలోని రాయి మూచూసింది, ముఖం చిట్లించింది.

"ఇదేం రాయి? పంది వాసన కొడుతోంది. ఇది నీదేనా?"

"నాది గాదు. నాది తొర్రల ఉంది" అంది ఈదమ్మ. కుక్కకు ఎండడవి మాట వచ్చు.

ఏనుగు తొండం ఆగింది. జంబుకేశం పకపకా నవ్వాడు. "అభ్యాసానికి వాడే రాళ్ళండి అవి! అసలువి పోతాయని జాగ్రత్తగా దాచారు. వరాహాల్రాజుగారూ, నిలబడతారేం? తీసుకురండి!"

వరాహాల్రాజు ఆ రోజు పరిగెత్తిన పరుగుకు ఎవరూ బహుమతి ఇవ్వలేదు గాని, ఇవ్వాల్సింది. తట్ట నోట కరుచుకుని వచ్చాడు. ఈదమ్మ ముక్కుతో వెతికి తన రాయి తీసుకుంది. తల్లి వాసన, చిన్నప్పటి దుమ్ము, తన పిల్ల చొంగ కూడా కొంచెం. కుక్క మూచూసి, "సరే, నిలబడు" అంది. అది ఎవరికైనా చెప్పే మాటే. ఈదమ్మకు మాత్రం పచ్చడవిలో ఆమెను నమ్మి చెప్పిన మొదటి మాట.

వరాహాల్రాజు ఆమె చెవిలో గొణిగాడు. "వాగు దగ్గర మలుపు ఉంది, తెలుసుగా? తిరిగి రావాలి. నువ్వు తిరిగొచ్చాక మనిద్దరం మాట్లాడుకుందాం."

"తిరిగొస్తే మాట్లాడుకుందం రాజుగారూ."

ఏనుగు ఘీంకరించాడు. జింకలు బాణాల్లా పోయాయి, వాటి వెనక తోడేళ్ళు. ఎండడవి జట్టు అన్నిటికంటే వెనక. పందికొక్కులు దున్నల వీపులెక్కాయి. జనం నవ్వారు. మేస్త్రి చెట్ల మీదుగా దూకుతూ పక్కనే వస్తున్నాడు గాని, ఏడడవులు చూస్తుండగా ఆటగాళ్ళను బరికతో కొట్టడం ఎలా? కొత్త బరిక చేతిలోనే ఉంది.

వాగు వచ్చింది. జింకలు మలుపు తిరిగాయి, తోడేళ్ళు తిరిగాయి. ఆ మలుపు చదును చేసింది ఈదమ్మే, ప్రతి గంప మట్టీ తెలుసు. తిరగలేదు.

"మలుపు! ఏయ్, మలుపు!" అని అరిచాడు మేస్త్రి.

మోకాటి లోతున నీళ్ళు, అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఈదమ్మ దిగింది. ఆమె వెనక మిగతా గాడిదలు, ఆ వెనక దున్నలు. నడివాగులో నర్సప్ప ఆగిపోయాడు. చల్లని నీళ్ళు చూస్తే దున్నకు కాళ్ళు వాటంతటవే మడతపడతాయి.

"అన్నా!" అని ఓండ్రపెట్టింది ఈదమ్మ అవతలి గట్టు నుంచి. "ఎవరూ తప్పెట కొట్టలే! లెవ్వు!"

నర్సప్ప సిగ్గుపడి లేచాడు.

అవతలి కాపలా కుక్క ఒక్కొక్కరి రాయీ మూచూసి వదిలింది. మాపటికి ఈదమ్మ చెల్లెలి దగ్గరికి చేరింది. పిల్ల ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేసి పిన్ని వెనక దాక్కుంది. ఈదమ్మ పిలవలేదు, కదలలేదు. చాలాసేపటికి పిల్ల వచ్చి ముందు రాయిని మూచూసింది. తర్వాత మెడను. తర్వాత అక్కడే తల ఆనించి నిలబడిపోయింది.

పచ్చడవిలో విచారణ జరిగింది. ధవళాంబ గారు నివేదిక రాశారు: పచ్చడవిలో ఒక్క కూలీకి కూడా అన్యాయం జరగలేదు, ఎందుకంటే అక్కడ కూలీలే లేరు, కనిపించినవాళ్ళంతా క్రీడాకారులు. ఆట మధ్యలో వెళ్ళిపోయినందుకు ఎండడవిని పన్నెండేళ్ళు పోటీల నుంచి వెలివేశారు. ఎండడవిలో ఈ శిక్ష విని ఎవరూ ఏడవలేదు.

మిగిలిన పోటీల కోసం మంచె మళ్ళీ కట్టాలి కనుక జింకలకు గంపలిచ్చారు. మొదటి మధ్యాహ్నమే జింకలు నీడ కావాలన్నాయి, సాయంత్రానికి ఇంటికి పోతామన్నాయి, పోయాయి. ఎవరి రాళ్ళు వాళ్ళ మెడల్లోనే ఉంటే వరాహాల్రాజు మాత్రం ఏం చేస్తాడు? కోతులు పన్నెండో కమిటీ వేశాయి. మంచె లేవక పోటీ తోడేళ్ళ అడవికి పోయింది. జంబుకేశాన్ని అక్కడ న్యాయశ్రమ సలహాదారుగా తీసుకున్నారు, అనుభవం ఉందని.

పచ్చడవి పెద్దలు ఇదంతా చూసి గ్రహించిన నీతి ఒక్కటే: కూలీకి న్యాయం ఎంత చేసినా పరవాలేదు గాని, గౌరవం మాత్రం పొరపాటున కూడా ఇవ్వకూడదు, పరిగెత్తి ఇంటికి పోతాడు.